బర్రెకు గొంతు పట్టింది

మొన్న మా బ్యాచ్ వాళ్ళమంతా ఒకచోట కలిశాం. భోజనాల దగ్గర అమరనాథ్ అని మాతో చదివినవాడు, ఇప్పుడు పెద్ద సర్జన్ లెండి, "ఆ పురుగుల సారు గుర్తున్నాడా? వైవాలో అందరినీ ఒకటే ప్రశ్న అడిగాడు. తిక్క మనిషి!" అని పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నోటినిండా అన్నం ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అక్కడే లొల్లి అయ్యేది. తెలియనివాడు తెలియనట్టు ఊరుకోవచ్చు కదా! ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో వాడికేం తెలుసు? నాకు తెలుసు. పాతబస్తీలో ఆయనదీ లాల్‌దర్వాజానే, మాదీ లాల్‌దర్వాజానే.

ఆయన పేరు డాక్టర్ బాలనర్సింహ. ఆ పేరుతో అడిగితే మా గల్లీలో ఎవరూ చెప్పలేరు. పురుగుల సారు అంటే మాత్రం చిన్న పిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆయన మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పేవాడు. కంటికి కనబడని క్రిములు, అవి ఒంట్లోకి వస్తే ఒళ్ళు వాటితో ఎలా కొట్లాడుతుంది, అదీ ఆయన పాఠం. సారు దవాఖానాలో ఏం చేస్తాడని ఎవరో అడిగితే వాళ్ళ వదిన బుచ్చమ్మ, "ఏమో నాయనా, అద్దంల పురుగులు జూస్తడట" అంది. ఇక ఆ పేరు ఖాయమైపోయింది. జ్వరానికి మాత్ర రాసివ్వమంటే ఇవ్వడు, ఇంటి ముందు బోర్డు లేదు, మెడలో గొట్టం లేదు. "గిదేం డాక్టర్ సదువో" అని గల్లీ అంతా నవ్వేది. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

ఆ చదువు చదివించింది అన్న బీరయ్య. మహంకాళి గుడి వెనక సందులో వాళ్ళ బర్ల కొట్టం. తండ్రి పోయేనాటికి బీరయ్యకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. బడి మానేసి బర్ల తాళ్ళు చేతబట్టాడు. తమ్ముడి చేతికి మాత్రం ఆ తాళ్ళు ఇవ్వలేదు. "నా పేరు నేను రాసుకుంట, నాకు సాలు. ఆడు మాత్రం సదవాలె" అనేవాడట. బాలనర్సింహ పొద్దున్నే సైకిల్ మీద ఇళ్ళకు పాలు పోసి, అదే సైకిల్ మీద బడికి పోయేవాడు. పక్కన కూర్చున్న పిల్లలు పేడ వాసనని ముక్కు మూసుకునేవాళ్ళు. మెడికల్ సీటు వచ్చిన రోజు బీరయ్య గల్లీలో ఇంటింటికీ జున్ను పంచాడు. అప్పటికి వాళ్ళ కొట్టంలో కొత్తగా ఈనిన బర్రె ఒక్కటి కూడా లేదు, జున్నుపాలు ఎవరిని బతిమాలి తెచ్చాడో తెలియదని మా బాపు ఇప్పటికీ చెబుతాడు.

మా బాపు ఆనందరావు ఆర్టీసీ డిపోలో మెకానిక్. బీరయ్య కొట్టానికి ఎదురుగా రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. మేం చర్చికి పోయేవాళ్ళం, వాళ్ళు అమ్మవారికి బోనం ఎత్తేవాళ్ళు. అయినా క్రిస్మస్ పొద్దున మా గిన్నెలో అడక్కుండానే ఒక చెంబు పాలు ఎక్కువ పడేవి. బోనాల నాడు మా పొయ్యి వెలిగేదే కాదు, అందరం వాళ్ళింట్లోనే తినేవాళ్ళం. బీరయ్యను నేను మామ అని పిలిచేదాన్ని.

ఇంత చదివి గుండె డాక్టరో, పిల్లల డాక్టరో కాకుండా పురుగుల దగ్గరికి ఎందుకు పోయాడు అంటే, దానికొక కారణం ఉంది. బీరయ్యకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు కొడుకు పుట్టాడు. మంత్రసాని బొడ్డు కోసి పిడక బూడిద అద్దింది. అప్పుడు అందరిళ్ళలో అద్దేదే. వారం తిరిగేసరికి పసివాడి దవడలు బిగుసుకున్నాయి. చన్ను నోట్లో పెట్టినా పట్టలేకపోయాడు. ఒళ్ళంతా వెనక్కి విరుచుకుపోయింది. ధనుర్వాతం. బాలనర్సింహ అప్పుడింకా చదువుకుంటున్నాడు, హాస్టల్లో ఉన్నాడు. కబురందుకుని వచ్చేసరికి పిల్లవాడు పోయాడు. బుచ్చమ్మకు మళ్ళీ కాన్పు రాలేదు.

ఆ తరవాత ఆయన పట్టుబట్టి ఆ సబ్జెక్టే తీసుకున్నాడు. కొట్టంలో ఎవరికి ఏది గీరుకున్నా, మేకు గుచ్చుకున్నా, రెక్క పట్టుకుని కంపౌండరు దగ్గరికి తీసుకుపోయి ధనుర్వాతం టీకా వేయించేవాడు. దాన్ని టీటీ అంటాం. మా గల్లీలో టీటీ పడని మనిషి లేడంటే ఆయన పుణ్యమే. నాకూ రెండుసార్లు పడింది. ఎద్దు కొమ్ము తగిలినా టీటీ, గాజు పెంకు గుచ్చుకున్నా టీటీ. ఆ ఇంట్లో మళ్ళీ ధనుర్వాతం రానివ్వనని ఆయన మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

డెబ్బై ఏడులో నేను ఆయన క్లాసులో కూర్చున్నాను. కాలేజీలో ఆయన వేరే మనిషి. ఇస్త్రీ చొక్కా, ఇంగ్లీషు మాట. గల్లీలో "ఏం బిడ్డా, సదువుతున్నవా?" అనే మనిషి క్లాసులో నన్ను రోల్ నంబరుతోనే పిలిచేవాడు. కానీ పాఠం చెబుతుంటే మధ్య మధ్య పాతబస్తీ వచ్చేసేది. కొత్త క్రిమి వస్తే ఒళ్ళు దానికి సరిగ్గా అతుక్కునే ఆయుధాన్ని తయారు చేసుకుంటుందని పుస్తకంలో పది పేజీలు ఉంటుంది. ఆయన దాన్ని లాడ్‌బజార్‌కు తీసుకుపోయేవాడు. గాజులమ్మే అవ్వ నీ చెయ్యి ఇలా నొక్కి చూసి, అన్ని జతల్లోంచి నీకు పట్టే జతే తీస్తుంది చూశావా, అట్లా అనేవాడు. అదే క్రిమి రెండోసారి వస్తే ఒళ్ళు అంత తొందరగా ఎలా కనిపెడుతుంది? కొత్త పాలవాడు మొదటి రోజు ఇల్లు అడుక్కుంటూ వస్తాడు, మర్నాటి నుంచి కళ్ళు మూసుకుని మీ తలుపే కొడతాడు. ఈ మాటకు క్లాసంతా నవ్వేది. ఆ తలుపులు కొట్టినవాడు ఆయనేనని ఆ క్లాసులో నాకొక్కదానికే తెలుసు.

ఇక బీరయ్య చెయ్యి సంగతి చెప్పాలి. సన్నగా, పొడుగ్గా ఉండే చెయ్యి. బర్రె మేస్తూ మేస్తూ మామిడి టెంకో, గుడ్డపేలికో మింగబోతే అది గొంతులో ఇరుక్కుంటుంది. చొంగ కారుస్తూ, మెడ చాపి, మింగలేక కక్కలేక అల్లాడుతుంది. అలాంటప్పుడు ఇద్దరు తల పట్టుకుంటే, ఇంకొకరు నాలుక పక్కకు లాగి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి ఇరుక్కున్నదాన్ని తీయాలి. ఆ పని బీరయ్యలా చేసేవాడు చుట్టుపక్కల లేడు. చాంద్రాయణగుట్ట నుంచి కూడా ఆయనకే కబురు వచ్చేది. ఎవరన్నా వాకిట్లో నిలబడి "బర్రెకు గొంతు పట్టిందే" అంటే చాలు, తింటున్న కంచం ముందు నుంచి లేచి సైకిలెక్కేవాడు. బుచ్చమ్మ అరిచి గీపెట్టినా వినడు. "నోరులేని జీవం, ఎవరికి జెప్పుకుంటదే?" అనేవాడు. చేతి మీద ఎప్పుడూ ఏదో ఒక పంటి గీత ఉండేది.

ఆ ఏడు ఆషాఢంలో చాంద్రాయణగుట్ట నుంచి పెంటయ్య అనే పాలాయన అలాగే పరుగెత్తుకొచ్చాడు. బర్రె మేత ముట్టడం లేదు, చొంగ ఆగడం లేదు, అరుపు బొంగురుపోయింది. గొంతు పట్టింది. బీరయ్య పోయాడు, చెయ్యి పెట్టాడు, లోపలంతా వెతికాడు. ఏమీ దొరకలేదు. చెయ్యి బయటికి లాగుతుంటే పన్ను గీరుకుని మణికట్టు దగ్గర తోలు లేచింది.

ఆ వారంలోనే మా లాల్‌దర్వాజా బోనాలు. ఆదివారం పొద్దున బాలనర్సింహ మలక్‌పేట నుంచి వచ్చాడు. పెళ్ళయ్యాక అక్కడ ఇల్లు తీసుకున్నాడు, పేడ వాసన ఆయన భార్యకు పడదు. వాకిట్లో డప్పులు, లోపల బుచ్చమ్మ బోనం కుండకు పసుపు రాస్తోంది. నేను వేపమండలు తుంచుతూ అక్కడే కూర్చున్నాను. రాగానే ఆయన కళ్ళు అన్న చేతికి కట్టిన గుడ్డ మీద పడ్డాయి.

"ఏమైందన్నా చేతికి?"

"ఏం గాలే తమ్మీ. పెంటయ్య బర్రెకు గొంతు పట్టిందంటే చూడవోయిన. పన్ను గీస్కపోయింది."

"ఎన్నిసార్లు జెప్పాలె నీకు? టీటీ ఏసుకున్నవా?"

"పండుగ గానీ, ఏసుకుంట."

"ధనుర్వాతానికి పండుగ ఎరుకనా? లే, నడువ్."

బీరయ్య నా వైపు చూసి కన్ను కొట్టాడు. "చూస్తున్నవా డాక్టరమ్మా మీ సారును? అమ్మవారికి దండం వెట్టుకోనీకి గూడ ఫుర్సత్ ఇస్తలేడు."

బాలనర్సింహ అన్నను రెక్క పట్టుకుని తీసుకుపోయి టీకా వేయించుకొచ్చాడు. గాయం విప్పి, కడిగి, కొత్త గుడ్డ కట్టాడు. ఆ పనంతా చేసి తృప్తిగా చేతులు తుడుచుకుంటూ భోజనానికి కూర్చున్నాడు. ఆ బర్రె ఏమైందని ఆయన అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

చవితి సెలవులయ్యాక కాలేజీలో రేబిస్ పాఠం వచ్చింది. పిచ్చికుక్క కాటుకు వచ్చే జబ్బు. ఆ రోజు ఆయన ఎంత బాగా చెప్పాడో! రోగాలన్నిటిలో మనిషికి టైం ఇచ్చే రోగం ఇదొక్కటే అన్నాడు. ఈ క్రిమి నెత్తుట్లో పడి పరుగెత్తదు. పెద్ద రోడ్డు మీద పోలీసులు ఉంటారని తెలిసిన దొంగ కదా, నరం పట్టుకుని సందుల్లోంచి మెల్లగా మెదడుకు నడుస్తుంది. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఆలోగా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పడితే మనిషి బతుకుతాడు. నీళ్ళు చూసి జడుసుకోవడం మొదలైందా, ఇక ఏ దేశంలో ఏ డాక్టరూ చేయగలిగింది లేదు. "టైం ఉంది" అని ఇంగ్లీషులో బోర్డు మీద రాసి కింద గీత గీశాడు. కుక్క మెదడు స్లైడు చూపించాడు. కుక్క, నక్క, పిల్లి అన్నాడు. చివర్లో పశువులకు కూడా వస్తుందని ఒక మాట అన్నాడు, పుస్తకంలో ఉంది కాబట్టి. గంట కొట్టారు. సాయంత్రం ఇంటికొచ్చి నేను బీరయ్య మామ చేత్తోనే పాలు పోయించుకున్నాను. గాయం మానిపోయి సన్నటి గీత మిగిలింది.

పెద్దలను తలుచుకునే పెత్తరమాస, అదే భాద్రపద అమావాస్య, దగ్గర పడింది. బీరయ్య రెండు రోజులుగా చెయ్యి గుంజుతోందని, తిమ్మిరిగా ఉందని అంటున్నాడు. బుచ్చమ్మ నువ్వుల నూనె కాచి రుద్దింది. ఆదివారం బాలనర్సింహ ఎప్పటిలాగే వచ్చాడు. నేను పాల గిన్నెతో పోయేసరికి అన్నదమ్ములిద్దరూ కొట్టం ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నారు. బుచ్చమ్మ చాయ్ తెచ్చింది. బీరయ్య కప్పు మూతి దాకా తీసుకుపోయి, మళ్ళీ కింద పెట్టేశాడు.

"తాగవేందన్నా?"

"ఏమో తమ్మీ. గొంతు పట్టింది."

బుచ్చమ్మ నవ్వింది. "బర్ల నోట్ల చెయ్యి వెట్టి వెట్టి నీకు గూడ బర్రె రోగం వట్టిందా ఏంది?" అంది. నేనూ నవ్వాను. బాలనర్సింహ నవ్వలేదు.

లేచి పోయి కుండలోంచి గ్లాసు నీళ్ళు ముంచుకొచ్చాడు. బీరయ్య చెయ్యి చాపాడు. గ్లాసు దగ్గరికి రాగానే మెడ నరాలు బిగుసుకుని, ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరిపడింది. గ్లాసు జారిపోయింది. "ఏందిరో గిది!" అని బీరయ్య తనే నవ్వబోయాడు. బాలనర్సింహ మంచం మీది పేపరు తీసుకుని అన్న మొహానికి మెల్లగా గాలి విసిరాడు. ఆ గాలికి కూడా గొంతు పట్టేసింది. పేపరు మడిచి కింద పెట్టాడు.

"అన్నా, ఆ పెంటయ్య బర్రె ఏమైంది?"

"ఏ బర్రె?"

"బోనాలప్పుడు గొంతు పట్టిందంటివి గద."

"అదా? సచ్చిపోయింది గదరా. నేను చూసొచ్చిన మూడో దినమే. బోనాల ముందురోజు పెంటయ్య కబురు వంపిండు. పండుగ పూట సావు ముచ్చట ఎందుకని జెప్పలే."

పండుగ పూట చావు మాట ఎత్తకూడదు. మా గల్లీలో అందరం పాటించేదే. మా ఇంట్లో కూడా క్రిస్మస్ నాడు ఎవరన్నా పోయారని తెలిస్తే మా అమ్మ సాయంత్రం దాకా నోరు విప్పదు. బాలనర్సింహ అన్న చెయ్యి తీసుకుని ఆ గీత మీద బొటనవేలు పెట్టి అలాగే కూర్చున్నాడు.  ఆ వాకిట్లో నలుగురం ఉన్నాం, ఇద్దరికి తెలిసిపోయింది. బుచ్చమ్మ ఒలికిన నీళ్ళు తుడుస్తూ, "కొత్త గ్లాసు, సొట్ట వోయింది" అని విసుక్కుంటోంది.

కోరంటి దవాఖానాకు తీసుకుపోయారు. నల్లకుంటలో అంటురోగాల ఆసుపత్రిని మా వాళ్ళు అలాగే పిలుస్తారు. అక్కడి డాక్టరు బీరయ్యను చూసి, తరవాత బాలనర్సింహ మొహం చూసి, ఒక్క మాట కూడా అడగకుండా గది ఇచ్చాడు. గాలి రాకుండా కిటికీకి దుప్పటి కట్టారు. ఫిట్ వచ్చినప్పుడు నలుగురు పట్టుకున్నా ఆగేవాడు కాదు. అది తగ్గితే మళ్ళీ మామూలు బీరయ్యే. ఏ బర్రెకు ఏ వేళకు నీళ్ళు పెట్టాలో చెప్పేవాడు. ఈ రోగంలో పాపం అదే, తెలివి పోదు.

బుచ్చమ్మ బయట వరండాలో మరిది చొక్కా పట్టుకుంది. "గిన్నేండ్ల సంది ఈ పురుగులే చూస్తివి గద బాలా. దీనికి మందు లేదా?"

"లేదు వదినె."

"బొంబాయిల?"

"లేదు."

"ఫారిన్ల?"

"యాడ లేదు వదినె." అంటూ ఆయన గోడకు జారగిలబడి కూర్చుండిపోయాడు. మగవాడు అట్లా వెక్కి వెక్కి ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు.

మర్నాడు పొద్దున ఫిట్స్ కొంచెం ఎడం ఇచ్చాయి. నేను తెల్లకోటు వేసుకుని పోయాను కాబట్టి లోపలికి రానిచ్చారు. బీరయ్య తమ్ముణ్ణి దగ్గరికి పిలిచాడు.

"ఏం రోగంరా ఇది? పిల్లలకు జెప్తవ్ గద. నాకు గూడ జెప్పు."

 బాలనర్సింహ మంచం అంచున కూర్చుని చెప్పాడు. మాకు ఇంగ్లీషులో చెప్పిన పాఠమే, మొదటిసారి ఇంటి మాటలో చెప్పాడు. "పిచ్చికుక్క బర్రెను కరిచిందన్నా. ఆ ఇషం బర్రె చొంగల ఉంటది. దానికి గొంతుల ఏం ఇరకలే, రోగంతోని మింగలేకపోయింది. నీ చేతికి పన్ను గీసినప్పుడు ఆ చొంగ నీ నరంల కలిసింది. సందుల సందుల నడుసుకుంట తలకాయ దిక్కు వోయింది. గింత మెల్లగ నడుస్తది. గన్ని దినాలు టైం ఇస్తది." 

బీరయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. "ఈ పాఠం ఎన్నేండ్ల సంది జెప్తున్నవ్?"

"పదేండ్ల సంది అన్నా."

"మంచిగ జెప్పినవ్." ఊపిరి కూడదీసుకుని అన్నాడు. "మనింట్ల ఒక్కనాడన్న జెప్పకపోతివి గదరా."

అందులో కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. పాలలో నీళ్ళు ఎక్కువయ్యాయని ఎవరో అంటే తమ్ముణ్ణి పక్కకు పిలిచి అడిగిన తీరులో అడిగాడు. కోపం ఉన్నా బాగుండేది దేవుడా, తిట్టినా బాగుండేది! ఆ రోజు పొద్దు కుంకకముందే పోయాడు.

పెంటయ్య వచ్చి శవం కాళ్ళ మీద పడి ఏడ్చాడు. బర్రె జబ్బు పడటానికి నెల ముందు ఒక కుక్క కొట్టంలో దూరి దాని మూతి కరిచిపోయిందట. "కుక్క కరిస్తే మనుషులకు గద సార్ సూదులు, బర్లకేమైతది అనుకున్నం" అన్నాడు. కొరివి పెట్టిన మర్నాడే బాలనర్సింహ పెంటయ్య ఇంటిల్లిపాదినీ, ఆ రోజు బర్రె తల పట్టుకున్నవాళ్ళనూ వెంటబెట్టుకుని నారాయణగూడలో కుక్కకాటు సూదులు వేసే చోటికి పోయి బొడ్డు చుట్టూ సూదులు వేయించాడు. రోజూ తనే తీసుకుపోయాడు. వాళ్ళందరూ బతికారు.

దినాలయ్యాక ఆదివారాలు ఆయన సైకిలేసుకుని కొట్టాలన్నీ తిరగడం మొదలుపెట్టాడు. మా గల్లీ, గౌలిపురా, చాంద్రాయణగుట్ట దాకా. "బర్రెకు గొంతు పట్టిందంటే చెయ్యి వెట్టకుండ్రి. ముందుగాల కుక్క కరిచిందేమో అడుగుండ్రి" అని ఒక్కో ఇంటి ముందు నిలబడి చెప్పేవాడు. మర్యాదగా స్టూలు వేసేవారు, చాయ్ ఇచ్చేవారు. "మా బర్లు మంచిగున్నయ్ సార్" అనేవారు. ఆయన అటు తిరగగానే, "సొంత అన్నను దక్కించుకోలేనోడు మనకు జెప్పొచ్చిండు" అనేవారు. మా బాపు చెవులారా విన్నాడు, ఒకడితో కొట్లాడి వచ్చాడు కూడా. ఒకాయనైతే మొహం మీదే అడిగాడు, "నిజంగ టెంక ఇరికితే చెయ్యి వెట్టకుంట ఎట్ల సార్? నా బర్రె సస్తే నువ్వొచ్చి పాలిస్తవా?"  దానికి జవాబు పుస్తకంలో కూడా లేదు. చలికాలం వచ్చేసరికి తిరగడం మానేశాడు.

బర్లను గుడిమల్కాపూర్ ఆయనెవరో తోలుకుపోయాడు. ఖాళీ కొట్టంలో బుచ్చమ్మ ఒక్కతే. బాలనర్సింహ ఆదివారం వస్తే, ఎప్పటిలా ముందు గ్లాసు నీళ్ళు తెచ్చి ఇచ్చేది. ఇంటికొచ్చినవాళ్ళకు నీళ్ళివ్వకుండా ఎలా ఉంటుంది? అదే సొట్ట గ్లాసు. ఆయన చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. తాగలేక, వద్దనలేక, చివరికి గట్టు మీద పెట్టి లేచేవాడు. "నువ్వేం జేస్తవ్ బాలా, మన రాత" అనేది ఆవిడ. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మొహం ఇంకొంచెం నల్లబడేది.

కాలేజీలో పాఠాలు ఆపలేదు. కానీ గాజులమ్మే అవ్వ రాలేదు, పాలవాడు రాలేదు. పుస్తకం తెరిచి చదివి, గంట కొట్టగానే మూసేసేవాడు. ఎవరన్నా అనుమానం అడిగితే పేజీ నంబరు చెప్పేవాడు. మా వాళ్ళకు అదే హాయిగా ఉంది, రాసుకోవడానికి వీలుగా ఉందన్నారు.

మా పరీక్షలు వచ్చాయి. వైవాకు పక్క ఊరి కాలేజీ నుంచి ఒక పెద్దాయన ఎగ్జామినర్‌గా వచ్చాడు. ఆయన పక్కన మా సారు. ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తున్నారు, మేం వరండాలో పుస్తకాలు తిప్పుతూ నిలబడ్డాం. అమరనాథ్ అందరికంటే ముందు పోయి, చిటికెలు వేసుకుంటూ బయటికొచ్చాడు. "బర్రె పన్ను గీరుకుని పాలవాడు వచ్చాడు, ఏమిస్తావు అన్నాడు. టీటీ అన్నాను. అయిపోయింది!" తరవాతి వాడినీ అదే అడిగాడు, వాడూ టీటీ అన్నాడు. ఆ తరవాతి అమ్మాయీ అంతే. వరండా అంతా టీటీ, టీటీ అని గుసగుస. తప్పన్నాడా అని నేను అడిగాను. "లేదు, తల ఊపి పొమ్మన్నాడు" అన్నారు. ఏం తప్పంటాడు? పదేళ్ళ చదువుతో, ప్రాణం పెట్టి ప్రేమించే అన్నకు తను ఇచ్చిన జవాబు కూడా అదే కదా.

నా వంతు వచ్చింది. సారు తల ఎత్తలేదు. ఇంగ్లీషులోనే అడిగాడు, గొంతులో జీవం లేదు. బర్రె పన్ను గీరుకున్న చేత్తో ఒక పాలవాడు నీ దగ్గరికి వచ్చాడు, ఏమిస్తావు?

"ఇచ్చే ముందు ఒకటి అడుగుతాను సార్."

"ఏమని?"

"ఆ బర్రె ఎట్లుంది అని."

కలం ఆగిపోయింది. అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు. "సచ్చిపోయింది" అన్నాడు. తెలుగులో అన్నాడు, ఇంటి మాటలో. "నిన్ననే సచ్చిపోయింది."

"అయితే ఇంకా టైం ఉంది సార్."

"ఉండె" అన్నాడు.  "మస్తు టైముండె బిడ్డా. చవితి దాకా ఉండె. నేను పాఠం జెప్పిననాడు గూడ ఉండె."

పక్కనున్న పెద్దాయనకు ఏమీ అర్థం కాలేదు. ఇంకేమన్నా అడుగుతారా అని సారును ఇంగ్లీషులో అడిగాడు. సారు లేదని తల ఊపాడు. బల్ల మీద ఎగ్జామినర్‌కు పెట్టిన నీళ్ళ గ్లాసు ఉంది, దాన్ని దూరంగా జరిపాడు. నేను లేచి తలుపు దాకా వచ్చాను. ఈలోగా నా తరవాతి వాడు లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సారు అదే ప్రశ్న అడిగాడు. నేను గడప దాటకముందే వాడు హుషారుగా జవాబు చెప్పాడు.

"టీటీ సార్."